బజారు స్టేషను సింహాచలం గారు

మా బావగారు, రాయపూర్ బజారు స్టేషనులో చిరకాలం మాస్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న గొల్లకోట సింహాచలం గారు, గత మాసం స్వల్ప అస్వస్థత అనంతరం పరమపదించారు. 'స్వల్ప' అన్న మాట ఆయనదే. ఆనాటి ఉదయం నేను చూడబోతే మంచంమీద గోడవైపు తిరిగి పడుకుని, "స్వల్పంగా నలతగా ఉందోయ్, సాయంకాలానికి సర్దుకుంటుంది" అన్నారు. సాయంకాలానికి మేము ఆయన్ని ఖారూన్ నది ఒడ్డున శ్మశానానికి తీసుకుపోతున్నాం. ఆయన జీవితంలో వేసిన అంచనాలలో ఇంతగా తప్పిపోయినది ఇంకొకటి నాకు గుర్తులేదు.

వార్త విన్న క్షణాన నాకు దుఃఖం కలగలేదు. నమ్మకం కలగలేదు. పొద్దున్న మాట్లాడిన మనిషి మధ్యాహ్నానికి మాట్లాడకపోవడమనేది నా అనుభవంలో ఎప్పుడూ ఇతరుల ఇళ్ళలో జరిగిన విషయం. మా అక్క మహలక్ష్మి గుమ్మంలో కూర్చుని నన్ను చూసి, "ఒరే తమ్ముడూ, కాఫీ చల్లారిపోయిందిరా, మళ్ళీ వెచ్చబెట్టనా వద్దా?" అని అడిగింది. అప్పుడు తెలిసింది నాకు.

మన ఆంధ్ర సంఘంవారు జరిపిన సంతాపసభలో వక్తలు ఆయన అంతిమ ప్రయాణం గురించి, ఆఖరి మజిలీ గురించి, పరలోకపు పచ్చజెండా గురించి మిక్కిలి హృద్యంగా ప్రసంగించారు. రైల్వే మనిషి గతిస్తే ఈ అవస్థ తప్పదు. వైద్యుడు పోతే పరలోకపు మందుసీసా గురించి ఎవరూ మాట్లాడరు. నాకు ఆ శక్తి లేదు కనుక, బండ్లు వచ్చినచోట నిజం బండ్లుగానే భావించవలసిందిగా చదువరులను కోరుతున్నాను.

ఈ ఊరికి కొత్తగా వచ్చినవారు బజారు స్టేషనును చూసి ఉండరు. రాయపూర్‌కు పెద్ద స్టేషను ఒకటుంది. కలకత్తా మెయిలూ బొంబాయి మెయిలూ ఆగేది అక్కడే. మన ఆంధ్రులలో అత్యధికులు నాలుగు మెతుకులు తింటున్నదీ దాని పుణ్యానే. అక్కడినుంచి దక్షిణంగా ధమ్తరీ వెళ్ళే చిన్న లైనుమీద, ఊరి నడిబొడ్డున ఉన్నది బజారు స్టేషను. ధాన్యపు మండీ, వెండిబంగారాల వీధి, సేఠ్‌లు పరుపులు పరుచుకుని బేరాలాడే గద్దీలు, ఒక బ్యాంకు, అన్నీ దాని చుట్టూనే. ఊళ్ళోని ధనలక్ష్మి యావత్తూ అక్కడే కాపురముంటుంది. పొద్దున్నే పల్లెల ఆడవాళ్ళు వంకాయలు, ఆకుకట్టలు, చీపుళ్ళు, కోళ్ళు నెత్తిన పెట్టుకుని చిన్న బండిలో వచ్చి దిగుతారు. సాయంకాలం ఉప్పు, కిరసనాయిలు, అమ్ముడుపోని కోళ్ళతో తిరిగి ఎక్కుతారు. ఆ లక్ష్మికీ ఈ మనుషులకూ నడుమ ఉన్నవి ఒక రేకుల కప్పు, ఒక టిక్కెట్టు కిటికీ, మా బావగారు.

నేను విజయనగరంలో బి.ఏ. పూర్తిచేసి, ఉద్యోగాలు నన్ను వెతుక్కుంటూ వస్తాయని కొంతకాలం ఇంటివద్ద ఎదురుచూశాను. రాలేదు. అప్పుడు నేనే రాయపూర్ వచ్చాను. బావగారు నాకు ఆ టిక్కెట్టు కిటికీ వెనుక స్థానం ఇప్పించారు. మొదటిరోజు చిన్న బండిని చూసి నా ముఖం ఎలా మారిందో గాని, ఆయన నా భుజంమీద చెయ్యివేసి, "భయపడకు బి.ఏ. బాబూ, ఇది పెద్దదవదు. ఇంతే" అన్నారు. ఆ బండిని ఎద్దుబండ్లు దాటిపోతాయని గిట్టనివారు ప్రచారం చేశారు. అది అసత్యం. ఎద్దుబండి పక్కన రావడం నేను చూశాను, దాటడం చూడలేదు.

బావగారి పద్ధతి ఒకటి ఆ లైనులో అందరికీ తెలుసు. సాయంకాలపు బండికి మొదటి గంట కొట్టించాక, రెండో గంటకు ముందు ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని స్టేషను వాకిట్లోకి వచ్చేవారు. మండీ వీధివైపు కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవారు. జనం తలలపైన ఊగుతూ వచ్చే బుట్ట ఒక్కటి కనిపించినా రెండో గంట మోగదు. లోపలికి తిరిగి కేక వేసేవారు: "అరే నూకయ్యా, వో టోకరీ వస్తోందిరా, జల్దీ చెయ్యమను, గాడీ ఛూట్ జాహీ!" నూకయ్య మా పాయింట్స్‌మన్, శ్రీకాకుళంవైపు మనిషి. ఈ వాక్యంలో తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ అనే మూడు భాషలున్నాయని ఎవరూ గమనించేవారు కారు. బుట్ట మాత్రం పరుగెత్తుకొచ్చేది.

ఒకనాడు ఒక సేఠ్‌గారు ఫస్టు క్లాసు టిక్కెట్టు కొని, నౌకరు ఇంకా ఫలహారం తేలేదు గనుక బండిని కాసేపు ఆపవలసిందని కబురంపారు. బావగారు గంట కొట్టించేశారు. సేఠ్‌గారు ఆకలితో ఎక్కి కూర్చుని, మరునాడు తిరిగి వచ్చి నిలదీశారు.

"మాస్టర్ సాహబ్, వంకాయల దానికోసం రోజూ ఆపుతారే, మాకోసం ఆపలేరా?"

"సేఠ్‌జీ, మీరు ఇంటినుంచి వెళ్తున్నారు. ఆవిడ ఇంటికి వెళ్తోంది" అన్నారు బావగారు.

సేఠ్‌గారు ఆలోచించుకుంటూ వెళ్ళిపోయారు. ఆ ఆలోచన ఏ ఫలితానికి దారితీసిందో మున్ముందు చెబుతాను. పైవారు ఆలస్యానికి సంజాయిషీ అడిగితే బావగారు, 'పట్టాలమీద ఆవు' అని జవాబిచ్చేవారు. గోమాతను విచారణకు పిలవగల అధికారి ఆ రోజుల్లో లేడు, ఇప్పుడూ లేడనుకుంటాను.

"తరగతులు రెండేనోయ్. టిక్కెట్టు కొన్నవాడిది ఫస్టు, కొననివాడిది థర్డు" అని ఆయన తరచు అనేవారు. కొననివాడిని సైతం ఆయన తిట్టగా నేను వినలేదు. పక్కన కూర్చోబెట్టుకుని వాడి ఊళ్ళో వానల గురించి అడిగేవారు. వాడు సిగ్గుపడి మరునాడు టిక్కెట్టు కొనేవాడు. అందరూ కొనేవారని చెప్పను. మహనీయుల ప్రభావానికి కూడా మేర ఉంటుంది.

ఇక ఆయన జీవితంలో ప్రధాన ఘట్టానికి వస్తాను. స్వరాజ్యం వచ్చిన కొత్తలో బజారు పెద్దలు కొందరు పైవారికి అర్జీ పెట్టుకున్నారు. అందులో ఫలహారంలేని సేఠ్‌గారి సంతకం స్ఫుటంగా ఉంది. పొగ వల్ల గద్దీల పరుపులు నల్లబడుతున్నాయనీ, మూక వల్ల వీధి నడవరాకుండా ఉందనీ, స్టేషను ఎత్తివేసి ఆ స్థలం గోదాములకిస్తే ఉభయతారకమనీ సారాంశం. చిన్న బండి ఇకమీద పెద్ద స్టేషనులోనే ఆగుతుంది. బుట్టలవాళ్ళు అక్కడినుంచి మండీదాకా ఎండలో నడుచుకుంటారు. స్టేషను అవసరమా కాదా అన్నది స్వయంగా చూసి తేల్చడానికి ఒక పెద్ద అధికారి వస్తున్నారని తాఖీదు వచ్చింది.

బావగారు రెండుపూటలా అన్నం సరిగా తినలేదు. "ఈ స్టేషను పోతే వీళ్ళ వంకాయలు మండీ చేరేసరికి వాడిపోతాయి, బేరాలైపోతాయి. దొర చూసి ముక్కున వేలేసుకోవాలి, బి.ఏ. బాబూ! ఇలాంటి స్టేషనును ఎత్తేస్తానన్నవాడికి నోరు రాకూడదు" అన్నారు.

రైల్వే ఇళ్ళలో పుట్టినవారికి తక్కిన కథ చెప్పనక్కరలేదు. మనవాళ్ళకు తనిఖీ అన్న మాట చెవిని పడితే చెయ్యి దానంతటదే సున్నపు బకెట్టు మీదికి పోతుంది. తాతల కాలంనుంచి వచ్చిన ఆచారం. దేవుడి కల్యాణమైనా ఒక ఏడు ఆపవచ్చునేమో గాని ఇది ఆగదు. ప్లాట్‌ఫారం అంచున రాళ్ళకు సున్నం వేశాం. అగ్గిబకెట్లకు ఎర్రరంగు వేసి, జల్లించిన ఇసుక నింపాం. బొగ్గుల రాశిమీద కూడా సున్నం చల్లాం. తెల్లని బొగ్గు వల్ల ప్రయోజనమేమిటని అడిగిన రైల్వే మనిషి ఇంతవరకు పుట్టలేదు. స్టేషను కుక్కను ఊరవతలికి పంపాం. ఆ తరువాత మిగిలిన అపరిశుభ్రత ఒక్కటే: ప్రయాణికులు.

"ఆల్లనేటి సెయ్యమంటారు బాబూ?" అన్నాడు నూకయ్య.

"గూడ్సు షెడ్డు వెనక దొడ్లో కూచోబెట్టు. దొర వెళ్ళాక తలుపు తీద్దాం. చప్పుడు చెయ్యొద్దని చెప్పు" అన్నారు బావగారు.

ఎవరికీ ఇందులో వింత కనిపించలేదు. బి.ఏ.లో ఆ భాగం లేదు గనుక నాకూ కనిపించలేదు. నూకయ్య సాయంకాలపు బండికి వచ్చిన ఆడవాళ్ళందరినీ షెడ్డు వెనక్కి తోలి తలుపు గడియ పెట్టాడు. వారికి పెద్ద బిసాహిన్ అనే వంకాయల ఆవిడ. "హమన్ కా కర్ డారేన్? మేమేం చేశాం బాబూ?" అంటూనే ఎండలో బుట్ట బోర్లించి దానిమీద కూర్చుంది.

అధికారి మోటారులో వచ్చారు. స్వరాజ్యం వచ్చాక దొరల రంగు మారింది గాని టోపీ మారలేదు. ఆయన ప్లాట్‌ఫారం ఈ చివరినుంచి ఆ చివరికి నడిచారు. ఆయన బూట్ల చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. ఇసుకలో వేలు పెట్టి చూశారు. తెల్లని బొగ్గులను చూసి తల పంకించారు. "అద్భుతం! ఇంత శుభ్రం, ఇంత నిశ్శబ్దం నేను ఎక్కడా చూడలేదు. ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?" అని అడిగారు.

బావగారి ఛాతీ కోటు గుండీలను పరీక్షిస్తోంది. "ఎప్పుడూ ఇలాగేనండి" అన్నారు.

"అయితే బజారువారు చెప్పింది నిజమే. ఇక్కడికి మనుషులెవరూ రారు. మీవంటి సమర్థుడు ఈ ఖాళీ రేకుల కింద వృథా అయిపోతున్నాడు. మిమ్మల్ని తిల్దా వేయిస్తాను. మెయిన్ లైను, మంచి క్వార్టరు. దీన్ని మూసేద్దాం" అని ఆయన ప్రేమగా బావగారితో కరచాలనం చేశారు.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. స్టేషను పక్క క్వార్టరులో నుయ్యి లోతు. తాడు లాగి లాగి ఆమె అరచేతులు గట్టిపడ్డాయి. తిల్దా క్వార్టరులో వంటింట్లోనే కుళాయి ఉందని మన కాలనీలో అందరికీ తెలుసు. ఆమెకు కూడా తెలుసు. బావగారి పేరు తిల్దా బదిలీ జాబితాలో చేరాలని ఆమె సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నదీ నిజమే.

అధికారి చెయ్యి వదిలాక బావగారు కదలలేదు. తన చేతులతో సున్నం వేసి తన స్టేషనును పూడ్చిపెట్టానని ఆయనకు అప్పుడు తెలిసింది. సరిగ్గా ఆ నిమిషంలో క్వార్టరు పెరటిగుమ్మంలోంచి మా అక్క గొంతు వినిపించింది. ఆమెకు ఈ సంభాషణ ఏదీ తెలియదు.

"ఏమండీ! ఆ ఆడవాళ్ళని ఎంతసేపు ఎండలో కూచోబెడతారు? ఒక పిల్లకి కళ్ళు తిరుగుతున్నాయి. నేను నీళ్ళు తోడలేక చస్తున్నాను!"

"ఎవరు ఆడవాళ్ళు?" అన్నారు అధికారి.

బావగారు గూడ్సు షెడ్డువైపు చూశారు. అధికారివైపు చూశారు. "నూకయ్యా, తలుపు తియ్యి" అన్నారు.

"ఇప్పుడా బాబూ? దొరగారు ఇంకా ఈడే ఉన్నారు కదేటి!"

"ఉన్నారు గనకనే తియ్యమంటున్నాను."

నూకయ్య గడియ తీశాడు. బుట్టలు, చీపుళ్ళు, కిరసనాయిలు సీసాలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, సంతలో కొన్న ఒక మేక, చంకలో పిల్లలు, వాళ్ళందరి వెనుక అంతసేపు అణచిపెట్టుకున్న మాటలు, ఒక్కుమ్మడిగా ప్లాట్‌ఫారం మీద పడ్డాయి. సున్నపు రాళ్ళు కనిపించకుండా పోయాయి. మేక తెల్లబొగ్గులెక్కి కాళ్ళు తెల్లగా చేసుకుంది. బిసాహిన్ బుట్టతో నేరుగా అధికారి మీదికి వచ్చి, పక్కకు జరగమన్నట్టు మోచేత్తో తోస్తూ, "థోకన్ ఘుచ్ నా బాబూ!" అంది. ఆయన జరిగారు. ఇంకొకావిడ జరగమంది. అలా జరిగి జరిగి ఆయన చివరకు సామాన్లు తూచే త్రాసు బల్లమీదికెక్కి నిలబడ్డారు. ముల్లు కదిలింది. అది ఎక్కడ ఆగిందో చూసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

"ఏమిటిది?" అని అరిచారు ఆయన అక్కడినుంచి.

"ప్రయాణికులండి" అన్నారు బావగారు.

"ఎప్పుడూ ఇందాకటిలాగే ఉంటుందన్నారు!"

"అబద్ధం చెప్పానండి. ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. ఇందాకటిది మీకోసం మేము చేసిన అలంకారం."

"తనిఖీని మోసం చేశానని మీ నోటితోనే చెబుతున్నారు. తిల్దా సంగతి ఏమవుతుందో తెలుసా?"

"తెలుసండి. తమరు ఒక్క నిమిషం అక్కడే ఉండండి. బండి వస్తోంది, వీళ్ళని ఎక్కించి వస్తాను" అని బావగారు టోపీ చంకలో పెట్టుకుని వాకిట్లోకి వెళ్ళారు, ఇంకా ఏదైనా బుట్ట వస్తోందేమోనని.

బండి వచ్చింది, నిండింది, వెళ్ళింది. అధికారి త్రాసు దిగి, ఖాళీ ప్లాట్‌ఫారాన్ని చాలాసేపు చూశారు. ఆ తరువాత మోటారెక్కారు.

కొంతకాలానికి రెండు ఉత్తరువులు వచ్చాయి. బజారు స్టేషను యథాప్రకారం ఉంటుంది. సింహాచలం గారు కూడా యథాప్రకారం అక్కడే ఉంటారు. మొదటిది వరం, రెండవది శిక్ష అని పైవారి అభిప్రాయం. బావగారు రెండూ ఒక జాతివిగానే స్వీకరించారు. మా అక్క మాత్రం కొన్నాళ్ళపాటు చేదను నూతిలోకి అవసరమైనదానికంటె గట్టిగా వదిలేది. ఆయన ఆ చప్పుడు విని తలవంచుకుని కాఫీ తాగేవారు. ఒకరోజు ఆయనే వెళ్ళి తాడు అందుకోబోతే, "లెండి, మీకు చేతకాదు. ఆ కుళాయి నీళ్ళు నాకు పడేవి కావులెండి" అంది. ఆపైన తిల్దా ప్రసక్తి ఆ ఇంట్లో రాలేదు. ఆమెకు సహధర్మచారిణి అన్న బిరుదు చాలదు; అయితే ఇంతకంటె పెద్దది సంస్కృతంలో నాకు దొరకలేదు.

బావగారు ఆ స్టేషనులోనే పదవీ విరమణ చేశారు. ఊరికి పోదామని బంధువులన్నా కదలక, స్టేషనుకు దగ్గరలోనే అద్దె ఇల్లు తీసుకున్నారు. సాయంకాలం బండి వేళకు వెళ్ళి బల్లమీద కూర్చునేవారు. కొత్త మాస్టరు సౌమ్యుడు, నియమపాలకుడు. బావగారు ఆయనకు ఏనాడూ సలహా ఇవ్వలేదు. "సలహా అడగనివాడికి ఇవ్వకూడదు, అడిగినవాడికి అవసరముండదు" అనేవారు. ఆయన సలహా ఇవ్వకపోవడం వల్ల బాగుపడినవారిలో నేనొకణ్ణి.

బావగారు పోయిననాడు శవవాహకులలో నూకయ్య, నేను, కాలనీ యువకులు ఉన్నాం. ఖారూన్ నదికి పోవాలంటే చిన్న లైను దాటాలి. మేము వెళ్ళేసరికి గేటు వేసి ఉంది. సాయంకాలపు బండి బజారు స్టేషను వదిలింది. పురోహితుడుగారు, వేళ మించిపోతోందనీ, పోయినవారు ఎవరో గేటువాడికి చెబితే బండిని ఎర్రజెండా చూపి ఆపుతాడనీ అన్నారు. గేటువాడు అప్పటికే గుర్తుపట్టి కళ్ళు తుడుచుకుంటూ జెండా పట్టుకుని నిలబడ్డాడు. "చెప్పండి బాబూ, ఆపీమంటారా?" అన్నాడు.

నూకయ్య నావైపు చూశాడు. నేను వద్దన్నాను. పాడెను రోడ్డు పక్కన దించి నిలబడ్డాం.

బండి తన సహజమైన తొందరతో వచ్చింది. నిలుచోవడానికి కూడా చోటులేదు. తలుపుల్లో బుట్టలు, కిటికీల్లో కోళ్ళు, మెట్లమీద మనుషులు. పాడెను చూసి లోపలి ఆడవాళ్ళు, ఎవరైనా పోతే ఎవరైనా చేసేటట్టే, చేతులు జోడించారు. ఒక పెట్టెలో బిసాహిన్ ఉంది. తల బాగా నెరిసిపోయింది. చేతిలో సీసా ఉండడం వల్ల ఒక చెయ్యే ఎత్తి నుదుటికి తాకించి, పక్కనున్న ఆవిడతో ఏదో అంది. ఎవరో పోయారు పాపం అని ఉంటుంది. వాళ్ళకు ఇంకా తెలియదు. మరునాడు పొద్దున్న వచ్చి దిగాక తెలుస్తుంది.

మాస్టర్లు వస్తారు, పోతారు. ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. కాని గంట కొట్టేముందు వీధిలోకి వచ్చి, ఎవరైనా మిగిలిపోయారేమోనని చూసే మనిషి ఈ ఊళ్ళో ఇక లేడు. ఆ లోటు తీరేది కాదని ఎంతో నిదానంగా, ఏ అతిశయోక్తీ లేకుండా చెప్పగలను. ఆయన పాదాలకు నా నమస్కారం.

చివరి పెట్టె దాటేదాకా మేము అక్కడే ఉన్నాం. అన్ని పెట్టెలూ నిండుగానే ఉన్నాయి.